గరగర లైన్ మీద ఏ మోడెమ్ నిలబడతాది? (కొర్లగుంట – పాకాల డయలప్)

కొర్లగుంట_కుర్రోడు:
అన్నలకు నమస్తే. ఈడ తిరుపతిలో మా ఇంటి ల్యాండ్‌లైన్ ఇంకా రాగి తీగే, పాకాల పక్కన పల్లెలో మా మామ వాళ్ళింట్లో ఉండేది కూడా రాగి తీగే. పాత కంప్యూటర్లు రెండు చోట్లా పెట్టి, డయల్ చేసి ఫైళ్ళు పంపుకునే పాతకాలం బులెటిన్ బోర్డు ఒకటి నడపాలని నేనూ మా బావా పట్టుబట్టి కూర్చున్నాం. సమస్య ఏందంటే పాకాల సైడ్ లైన్‌లో ఒకటే గరగర. మాట్లాడితే మాట అర్థమవుతాది గానీ మోడెమ్‌కి (ఫోన్ తీగ మీద కంప్యూటర్ డేటా పంపే డబ్బా) మాత్రం చుక్కలు కనపడతాండాయి.

చేతిలో ఉండేవి: ఒక యూఎస్ రోబోటిక్స్ 56కె ఎక్స్‌టర్నల్ (సీరియల్ పోర్టుది), రాక్‌వెల్ చిప్ ఉన్న ఇంకో ఎక్స్‌టర్నల్ డబ్బా (పైన కంపెనీ పేరు చెరిగిపొయ్యింది), ఒక లూసెంట్ పీసీఐ కార్డు, ఇంకా పాత సామాన్ల అంగట్లో దొరికిన పేరూ ఊరూ లేని పీసీఐ సాఫ్ట్ మోడెమ్ ఒకటి. రాక్‌వెల్ డబ్బా 31,200 (సెకనుకి బిట్లు) అని ఎక్కువ నంబరే చూపిస్తాది కానీ ఫైల్ మధ్యలో ఆగి ఆగి పోతాది. రోబోటిక్స్ 26,400 దగ్గరే ఎక్కుతాది, అయినా ఫైల్ అదే ముందు పూర్తి చేస్తాది. ఇదెట్ల? పాకాల వైపు ఏది పెట్టాల, ఈడ ఏది పెట్టాల? ఇంకొకటి, పాకాల ఇంటికి ఎవురైనా ఫోన్ చేసి మాట్లాడి పెట్టేస్తే ఆ తర్వాత కాసేపు లైన్ శుభ్రంగా ఉంటాది, మళ్ళీ మొదలు. ఇది మాత్రం నాకు బొత్తిగా అంతుబట్టలా.

మదనపల్లె_టమోటా:
మొబైల్ డేటా అని ఒకటి వచ్చింది తమ్ముడూ, విన్నావా 😄

కొర్లగుంట_కుర్రోడు:
విన్నా అన్నా, దాంట్లోనే ఇది టైప్ చేస్తాండా. దాంట్లో ఆ కీచు శబ్దం రాదే!

సీరియల్_పోర్టు:
ముందు 56కె అనే మాట మర్చిపో. వి.90 గానీ వి.92 గానీ (ఇవి మోడెముల ప్రమాణాలు, వి.34 కూడా అట్లాంటిదే) 56కె దిగాలంటే అవతలి వైపు ఐఎస్‌పీ (నెట్ ఇచ్చే కంపెనీ) లాగా డిజిటల్ కనెక్షన్ ఉండాలి, మధ్యలో అనలాగ్ నుంచి డిజిటల్‌కి మారడం ఒక్కసారే జరగాలి. మీ ఇద్దరివీ ఇంటి లైన్లు, అంటే రెండు చివరలా అనలాగే, కాబట్టి నువ్వు ఎన్ని వేల రూపాయల మోడెమ్ తెచ్చినా వి.34 మీదే నడుస్తాది, దానికి గరిష్ఠం 33,600. 1994లో వి.34 వచ్చినప్పుడు 28,800 వరకే ఉండేది, 1996లో 31,200, 33,600 కలిపారు.

రెండోది, కనెక్ట్ అనగానే చూపించే నంబరుని నమ్మొద్దు. అది ఎక్కిన క్షణంలో స్పీడు. ఆ తర్వాత లైన్‌లో చప్పుడు వస్తే రెండు మోడెములూ మాట్లాడుకుని స్పీడు దించుకుంటాయి, లేదంటే మొత్తం మళ్ళీ రీట్రైన్ అవుతాయి, అంటే మొదటి నుంచి లైన్‌ని కొలుచుకుని కుదురుకుంటాయి. దించుకోవడం అయితే సెకనులో అయిపోద్ది, రీట్రైన్ అయితే పది సెకన్లు దాకా డేటా కదలదు. నిమిషానికి రెండు రీట్రైన్లు పడితే 31,200 కాదు కదా ఎంతున్నా ఒకటే. (కొన్ని మోడెములు 115200 అని చూపిస్తాయి, అది కంప్యూటర్‌కీ డబ్బాకీ మధ్య స్పీడు. రాక్‌వెల్ దానికి ఏటీడబ్ల్యూ2 అనే కమాండు కొడితే అసలు లైన్ స్పీడు చెప్తాది.)

రోబోటిక్స్‌ది నీ దగ్గర ఉండటం అదృష్టం. ఫైల్ పంపి లైన్ కట్ చేశాక ఏటీఐ6, ఏటీఐ11, ఏటీవై11 ఈ మూడు కమాండ్లూ కొట్టి ఏం వచ్చిందో పెట్టు. అప్పుడు మాట్లాడుకుందాం.

కొర్లగుంట_కుర్రోడు:
కొట్టినా అన్నా. ముఖ్యమైనవి రాస్తాండా:

ఐ6: బ్లెర్స్ (తప్పుగా వచ్చిన డేటా ముక్కల లెక్క) అనే దగ్గర మూడంకెల నంబరు. రీట్రైన్స్ అడిగినవీ ఇచ్చినవీ రెండు చోట్లా సున్నా కాదు.
ఐ11: మాడ్యులేషన్ వి.34, సింబల్ రేటు (సెకనుకి సిగ్నల్ ఎన్నిసార్లు మారతాదో) 3,000, క్యారియర్ (డేటాని మోసే టోను) 1,800 హెర్ట్జ్, ఎస్ఎన్ఆర్ (చప్పుడు కంటే సిగ్నల్ ఎంత ఎక్కువో) 30 డీబీ.
వై11: ఇది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర సిగ్నల్ ఎంత వస్తాందో చూపే పెద్ద లిస్టు, 150 హెర్ట్జ్ నుంచి 150 చొప్పున పెరుగుతా పోతాది. 1,050 దగ్గర 18, 3,000 దగ్గర 27, 3,300 దగ్గర 35, 3,450 దగ్గర 44. అన్నీ మైనస్‌లే.

రాక్‌వెల్ దాంట్లో ఇంత వివరం రావడంలా.

సీరియల్_పోర్టు:
బాగా పెట్టావు, దీంట్లోనే సగం జవాబు ఉంది. వై11 చూడు, 3,000 హెర్ట్జ్ దాటాక సిగ్నల్ కొండ మీంచి పడ్డట్టు పడిపోతోంది. ఎక్స్‌ఛేంజి నుంచి మీ మామ వాళ్ళింటికి తీగ దూరం ఎక్కువ, దూరం పెరిగేకొద్దీ పై ఫ్రీక్వెన్సీలే ముందు చస్తాయి.

వి.34లో సింబల్ రేట్లు ఆరు ఉంటాయి: 2,400, 2,743, 2,800, 3,000, 3,200, 3,429. ఎక్కగానే మోడెము రకరకాల టోన్లు పంపి లైన్‌ని తడిమి చూసి ఏది సరిపోద్దో ఎంచుకుంటాది, నువ్వు వినే కీచుల్లో ఒక భాగం అదే. 3,000 రేటు 1,800 క్యారియర్ మీద నడిస్తే 300 నుంచి 3,300 హెర్ట్జ్ లోపల సర్దుకుంటాది. 3,200 రేటు కావాలంటే పైన 3,430 వరకూ కావాలి, అంటే సరిగ్గా నీ లైన్ చచ్చిపోయిన చోటు. 31,200 స్పీడు 3,000 రేటు మీద రానే రాదు, దానికి 28,800 దాకానే. అంటే నీ రాక్‌వెల్ డబ్బా 31,200 చూపిస్తోందంటే 3,200 గానీ ఆ పైది గానీ ఎంచుకుని ఆశకి పోయిందన్న మాట. చచ్చిపోయిన పై భాగాన్ని ఈక్వలైజర్‌తో ఎత్తి నిలబెడతాది, దాంతో పాటు అక్కడుండే గరగర కూడా పెరుగుతాది. రోబోటిక్స్‌ది 3,000 దగ్గర ఆగి తక్కువతో సరిపెట్టుకుంది, అందుకే ముందు చేరింది.

కుప్పం_ఎక్స్‌ప్రెస్:
నేనైతే వి.34 కూడా వద్దంటాను. గరగర లైన్‌కి వి.32బిస్ 14,400 పెట్టి పారేయండి, 1991 నాటి సరుకు, 2,400 సింబల్ రేటు, 1,800 క్యారియర్, 600 నుంచి 3,000 లోపల మొత్తం అయిపోద్ది. ఆ రోజుల్లో 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ (అప్పటి ప్రభుత్వ కంపెనీ) నెట్ మొదలైనప్పుడు పెద్ద నగరాల్లోనే నోడ్లు (డయల్ చేసి ఎక్కే కేంద్రాలు), మనకి దగ్గరంటే చెన్నై, ఈ ప్రాంతం నుంచి ఎస్టీడీ కొట్టాల్సిందే. రాత్రి పావు రేటు టైము దాకా కళ్ళు కాయలు కాచేలా కూర్చుని, చెన్నై ఎక్కి, మెయిల్ లాగి, మీటరు చూసి గుండె పట్టుకుని కట్ చేసేవాళ్ళం. అప్పుడు మాకు కావాల్సింది స్పీడు కాదు, మధ్యలో తెగకపోవడం, తెగితే మళ్ళీ ఎక్కడానికి ఇంకో కాల్ పడేది. 14,400కి దించి పెట్టుకుంటే తెల్లారిందాకా నిలబడేది.

సీరియల్_పోర్టు:
కుప్పం అన్నా, మీ అనుభవాన్ని కాదనను గానీ ఇక్కడ ఒక తేడా ఉంది. వి.34ని తక్కువ స్పీడుకి కట్టేయడం వేరు, వి.32బిస్‌కి పోవడం వేరు. వి.34కి లైన్‌ని తడిమి చూసే పని ఉంది, సింబల్ రేటు, క్యారియర్ రెండూ మార్చుకోగలదు, ట్రెల్లిస్ కోడింగ్ (చప్పుడులోనూ తప్పులు తగ్గించే పద్ధతి) కూడా ఇంకా గట్టిది. 14,400 దగ్గర రెండూ నడిపితే అదే లైన్ మీద వి.34కే ఎక్కువ వెసులుబాటు మిగులుతాది. కల్యాణ మండపంలో మైకు పక్కన కూర్చుని మాట్లాడేటప్పుడు తక్కువ మాటలు నిదానంగా చెప్తాం చూడు, సీలింగ్ (పై స్పీడు హద్దు) దించడం అంటే అదే. వి.32బిస్‌కి పోవాల్సింది అవతలి మోడెముకి వి.34 సరిగ్గా రాకపోతేనో, హ్యాండ్‌షేక్ (ఎక్కేటప్పుడు రెండు మోడెములూ కుదుర్చుకునే పని) దగ్గరే పడిపోతుంటేనో.

తమ్ముడూ, రోబోటిక్స్‌లో &ఎన్13 అంటే 26,400, &ఎన్11 అంటే 21,600, &ఎన్8 అంటే 14,400. కానీ ఒట్టి &ఎన్11 కొడితే సరిగ్గా ఆ స్పీడుకి తప్ప దేనికీ ఎక్కదు. దాంతో పాటు &యు6 కూడా కొట్టు, అప్పుడు 9,600 నుంచి 21,600 లోపల ఎక్కడైనా కుదురుకుంటాది. రాక్‌వెల్ దాంట్లో +ఎంఎస్ కమాండుతో పై స్పీడు కట్టేయొచ్చు.

ఒక హెచ్చరిక. ఒకదాని కమాండు ఇంకోదాంట్లో కొట్టొద్దు. &కె0 అంటే రోబోటిక్స్‌లో కంప్రెషన్ ఆపడం, రాక్‌వెల్‌లో అదే &కె0 ఫ్లో కంట్రోల్‌ని పీకేస్తాది. తర్వాత అక్షరాలు మింగేస్తుంటే జనం లైన్‌ని తిడతారు.

కుప్పం_ఎక్స్‌ప్రెస్:
సరే మీరు చదువుకున్నోళ్ళు 😀 కానీ 14,400 దగ్గర హాయిగా ఉంటాదన్న మాట మీద నేను కదలను.

డీపీ_బాక్స్:
నాయనలారా, నేను లైన్ల పని చేసి రిటైరైనోణ్ణి. మోడెముల సంగతి మీకే తెలుసు. కానీ ఈ అబ్బోడు మొదట్లోనే అసలు జబ్బు చెప్పేసినాడు, మీరెవురూ పట్టించుకోలా. ఫోన్ వచ్చి పెట్టేశాక కాసేపు శుభ్రంగా ఉంటాదన్నాడే, అది లూజు జాయింటు. యాడో రెండు తీగలు మెలేసి వదిలేసినారు, మధ్యలో చిలుము పట్టింది. మామూలుగా లైన్ మీద ఉండేది 48 వోల్టులు, ఫోను ఎత్తితే ఇంకా దిగిపోతాది. గంట కొట్టేటప్పుడు మాత్రం 75 వోల్టుల ఏసీ వస్తాది, అది ఆ చిలుము పొరని కొట్టుకుని దారి చేసుకుంటాది. కాసేపు బాగుంటాది, మళ్ళీ మొదలు. ఇట్లాంటివి నా సర్వీసులో లెక్కలేనన్ని చూసినా.

చప్పుడు రకం బట్టి జబ్బు చెప్పొచ్చు. ఒకటే పట్టున గుయ్‌ఁ అని హమ్ వస్తే ఒక తీగ ఎర్త్ అవతాండాది, లేదా రెండు తీగలకీ సమానం తప్పింది, పక్కన కరెంటు లైను పోతాంటే అది ఎక్కతాది. గాలికి, తీగ కదిలితే టపటప అంటే జాయింటు. వాన పడినాక రెండు మూడు రోజులు గరగర, ఎండ కాస్తే తగ్గడం అంటే కేబుల్లో నీళ్ళు. పక్కోళ్ళ మాటలు సన్నగా వినపడితే కేబుల్లో జతలు తారుమారైనాయి. రేడియో వినపడితే అది ఇంకో కత.

ముందు ఒక పని చెయ్. ఫోన్ ఎత్తి ఒక్క అంకె నొక్కు, డయల్‌టోన్ ఆగిపోతాది, అప్పుడు చెవి పెట్టి విను. ఆ నిశ్శబ్దంలో ఏం వినపడతాదో అదే లైన్ చప్పుడు. తర్వాత ఇంట్లో పారలల్ ఫోన్లు, ఎక్స్‌టెన్షన్ వైర్లు అన్నీ పీకి, బయట్నించి డ్రాప్ వైరు వచ్చి దిగే మొదటి రోజెట్ (గోడ మీది ఫోన్ డబ్బా) దగ్గరే ఒక ఫోన్ తగిలించి మళ్ళీ విను. ఆడ శుభ్రంగా ఉంటే జబ్బు ఇంట్లోనే. ఆడా గరగర ఉంటే బయట.

కొర్లగుంట_కుర్రోడు:
పెద్దాయనా దండాలు! ఆదివారం పాకాల పోతాండా, చూసి చెప్తా.

ఈలోపల సీరియల్_పోర్టు అన్న చెప్పినట్ల సీలింగ్ దించి చూసినా. 1 ఎంబీ జిప్ ఫైల్ ఒకటే తీసుకున్నా. రాక్‌వెల్ డబ్బా దాని ఇష్టానికి వదిలేస్తే 31,200కి ఎక్కి, మధ్యలో నిల్చిపోతా నిల్చిపోతా పది నిమిషాలు దాటింది. రోబోటిక్స్‌ది 21,600 లోపల కట్టేస్తే ఏడు నిమిషాల లోపే అయిపొయ్యింది, రీట్రైన్ దాదాపు లేదు. రాక్‌వెల్‌ది కూడా 21,600కి దించితే దాని వెనకాలే వచ్చింది, పెద్ద తేడా లేదు. లూసెంట్ కార్డు ఫరవాలేదు, మధ్యస్థం. సాఫ్ట్ మోడెమ్ మాత్రం 33,600 అని చూపించి, నేను పక్కన ఇంకో విండో తెరిస్తే చాలు కట్.

సీరియల్_పోర్టు:
లెక్క సరిగ్గానే ఉంది. ఎర్రర్ కరెక్షన్ వి.42 నడుస్తున్నప్పుడు ప్రతి బైటుకీ ముందూ వెనకా ఉండే స్టార్ట్, స్టాప్ బిట్లు లైన్ మీదికి పోవు, కాబట్టి 21,600ని 8తో భాగిస్తే సెకనుకి 2,700 బైట్లు, 1 ఎంబీకి ఆరున్నర నిమిషాలు. దాదాపు నిండుగా వచ్చింది. 31,200 కి ఏ రీట్రైనూ లేకపోతే నాలుగున్నర నిమిషాల్లో రావాలి, పది దాటిందంటే సగం టైము డేటా కదలకుండా నిల్చోవడానికే పోయింది. జిప్ ఫైలు ముందే కుదించింది కాబట్టి వి.42బిస్ కంప్రెషన్ వల్ల లాభమూ లేదు.

సాఫ్ట్ మోడెమ్ సంగతి: దాంట్లో సిగ్నల్ లెక్కలన్నీ కంప్యూటర్ ప్రాసెసరే చెయ్యాలి. లూసెంట్ లాంటి కార్డులో డీఎస్‌పీ (ఆ లెక్కలు చేసే చిప్) కార్డు మీదే ఉంటాది, కంట్రోలర్ పని మాత్రమే డ్రైవర్‌కి వదులుతారు. ఎక్స్‌టర్నల్ డబ్బాల్లో రెండూ లోపలే. గరగర లైన్ మీద ఈక్వలైజర్‌కి పని ఎక్కువ, ఆ సమయానికి ప్రాసెసర్ ఇంకేదో చేస్తా ఉంటే క్యారియర్ జారిపోతాది. దాన్ని పక్కన పెట్టెయ్.

పలమనేరు_ఘాట్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా ఇంట్లో ఫోన్ ఫైబర్‌కి మార్చేశారు, ఫోన్ వైరు ఓఎన్‌టీ డబ్బా (ఇంట్లో ఫైబర్ వచ్చి దిగేది) వెనక గుచ్చుకోవాలి. చప్పుడు సున్నా, సూది పడినా వినపడుద్ది. మోడెమ్ పెడితే మాత్రం 28,800 దాకా ఎక్కి నిమిషంలో పడిపోతోంది. గరగరే లేదు కదా, ఎందుకిట్లా?

సీరియల్_పోర్టు:
నీది గరగర జబ్బు కాదన్నా. ఫైబర్ మీద గొంతుని ముక్కలు ముక్కలుగా ప్యాకెట్లలో పంపుతారు. జి.711 కోడెక్ (గొంతుని డిజిటల్‌గా మార్చే పద్ధతి) అయితే మోడెము కాస్త బతుకుతాది, జి.729 అయితే ఆశ వదులుకో, అది సెకనుకి 8 కిలోబిట్లు మాత్రమే, మనిషి గొంతు కోసం చేసింది. జి.711 ఉన్నా ఒక ప్యాకెట్ ఆలస్యమై బఫర్ జారితే మనిషి చెవికి తెలియదు, మోడెముకి టైమింగ్ మొత్తం పోతాది. ఎకో క్యాన్సిలర్ (లైన్‌లో ప్రతిధ్వని తీసేసేది) ఇంకో తలనొప్పి, అవతలి మోడెము ఎత్తగానే పంపే 2,100 హెర్ట్జ్ టోను దాన్ని ఆపమని చెప్పడానికే, కానీ అన్ని డబ్బాలూ మాట వినవు. నీకు కుప్పం అన్న వైద్యమే సరి, వి.32బిస్‌కి దిగు, కుదరకపోతే వి.22బిస్ 2,400. అది మొండిది.

కుప్పం_ఎక్స్‌ప్రెస్:
చూశారా!! నేను ముందే చెప్పినా!!

కొర్లగుంట_కుర్రోడు:
పాకాల పొయ్యొచ్చినా. పెద్దాయన చెప్పినట్ల ఇంట్లో అన్నీ పీకి మొదటి రోజెట్ విప్పితే లోపల చీమల పుట్ట, మట్టీ గుడ్లూ అన్నీ. రెండు స్క్రూలకీ పచ్చగా చిలుము. సరే అని తుడిచి, తీగ కొసలు బ్లేడుతో గీకి బిగించినాం, హమ్ కొంచెం తగ్గింది గానీ టపటప పోలా. ఆ వైరు పట్టుకుని బయటికి పోతే చూరు కింద డ్రాప్ వైరుకి ఒక జాయింటు, మెలేసి నల్ల టేపు చుట్టి వదిలేసినారు, టేపు ఎండకి జిగురు కారిపోయి చేతికి అంటుకుంటాండాది. మా బావ ఫోన్ చెవిలో పెట్టుకుని ఉంటే నేను ఆ జాయింటు వేలితో అట్ల తట్టినా, బావ ఇంట్లోంచి ‘ఒరేయ్ అదే! అదే!’ అని అరుపు. లైన్‌మ్యాన్ అన్నని పిలిస్తే మర్నాడు వచ్చి ఆ ముక్క కోసేసి జెల్లీ ఉండే కనెక్టర్లు వేసి నొక్కినాడు. కాఫీ తాగి పొయ్యినాడు.

ఇప్పుడు రోబోటిక్స్‌ది పాకాల వైపు, రాక్‌వెల్‌ది ఈడ. కట్టేయకుండా వదిలేసినా 28,800కి ఎక్కి రాత్రంతా నిలబడింది, రీట్రైన్ సున్నా, బ్లెర్స్ ఒంటి అంకె, ఎస్ఎన్ఆర్ 36. కానీ సింబల్ రేటు మాత్రం అదే 3,000, వై11 లిస్టు కూడా అట్లనే పడిపోతాండాది.

సీరియల్_పోర్టు:
పడిపోతాది మరి, జాయింటు మారింది గానీ దూరం మారలేదు కదా. 28,800 దాటదు, దాటించాలని చూడొద్దు. రాక్‌వెల్ దానికి కూడా సీలింగ్ 28,800 పెట్టు, రేపు వానల్లో మళ్ళీ ఆశకి పోకుండా. రెండు చోట్లా ఎస్10 కూడా పెంచు. క్యారియర్ పోయాక ఎంతసేపు ఆగి కట్ చెయ్యాలన్నది అది, సెకనులో పదో వంతుల లెక్క, ఎస్10=50 అంటే ఐదు సెకన్లు. చిన్న చిన్న తెగుళ్ళకి లైన్ వదిలెయ్యదు. కాల్ వెయిటింగ్ ఉంటే తీయించెయ్, లైన్ తెగడానికి ఆ బీప్ ఒక్కటి చాలు.

డీపీ_బాక్స్:
ఇంకోటి అబ్బోడా. అక్టోబరు నుంచి మనకి ఈశాన్య వానలు, ఉరుములు. మబ్బు పట్టినప్పుడు గోడలోంచి ఫోన్ వైరు పీకెయ్, కరెంటు ప్లగ్ ఒక్కటే పీకితే చాలదు. పిడుగు యాడో పడినా తీగ పట్టుకుని వచ్చి మోడెమ్ కాల్చేస్తాది. ఎర్త్ సరిగ్గా లేని ఇంట్లో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టినా ఉపయోగం తక్కువ.

మదనపల్లె_టమోటా:
నవ్విన నేనే అడుగుతున్నా, నాకూ ఒక అకౌంట్ ఇస్తారా 😅 మా అటక మీద మోడెమ్ ఒకటి ఉంది. ఫైళ్ళకి ఏ ప్రోటోకాల్ పెట్టుకోవాలి?

కొర్లగుంట_కుర్రోడు:
నంబరు మెసేజ్‌లో పంపుతా అన్నా, రాత్రి తొమ్మిది నుంచి ఆరు దాకే మోడెమ్ ఎత్తుతాది, పగలు మా అత్త ఎత్తుతాది, ఆమెకి కీచుమని వినిపించొద్దు. జడ్‌మోడెమ్ పెట్టుకో, తెగినా ఆగిన చోట్నించి మళ్ళీ మొదలుపెడతాది. ఎక్స్‌మోడెమ్ వద్దు, 128 బైట్లకొకసారి ఆగి జవాబు కోసం చూస్తాది.